షాపులో నెట్ ఆగిపోతోందా? కొత్త రౌటర్ కొనేముందు ఒకసారి కౌంటర్ కింద చూడండి

జూన్ చివర్లో మా బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయనకి కంకిపాడులో ఎరువులు, పురుగుమందులు, విత్తనాల కొట్టు ఉంది. "ఒరేయ్, నువ్వు ఫోన్లకీ రౌటర్లకీ రివ్యూలు రాస్తావు కదా. షాపులో నెట్ అస్తమానం పోతోంది. మంచి రౌటర్ ఒకటి చెప్పు, రేటు గురించి ఆలోచించకు" అన్నాడు. రేటు గురించి ఆలోచించొద్దని మా బాబాయ్ నోటి నుంచి వినడం అదే మొదటిసారి. సమస్య ఎంత ముదిరిందో అప్పుడే నాకు అర్థం కావాల్సింది. కాలేదు. రెండు నిమిషాల్లో ఒక వైఫై 6 రౌటర్ లింక్ వాట్సాప్‌లో పంపేశా. 9,000 చిల్లర. మూడో రోజు డెలివరీ, నాలుగో రోజు ఫిట్టింగ్, ఐదో రోజు పొద్దున్నే మళ్లీ ఫోన్.

"ఒరేయ్, ఇప్పుడు సగం కంప్యూటర్లకే వస్తోందిరా."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇది ఆ రౌటర్ రివ్యూ కాదు. రౌటర్ బాగానే ఉంది, పాపం దాని తప్పేమీ లేదు. షాపు చూడకుండా, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లింక్ పంపిన నా తెలివితక్కువతనం గురించీ, ఆ తర్వాత రెండు ఆదివారాలు కంకిపాడులో నేల మీద పాకుతూ నేర్చుకున్న దాని గురించీ ఇది.

నాలుగు గంటలు షాపు బంద్

ముందు షాపు గురించి చెప్పాలి. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే కానూరు, పోరంకి దాటాక కంకిపాడు వస్తుంది. బాబాయ్ కొట్టులో బిల్లింగ్‌కి రెండు కంప్యూటర్లు, వాటిలో ఒకదానికి వేలిముద్ర స్కానర్, ఒక ప్రింటర్, వెనక గదిలో ఆయన ల్యాప్‌టాప్, ఆరు కెమెరాలు, వాటి రికార్డింగ్‌కి ఒక ఎన్‌వీఆర్ ఉన్నాయి. వెనక ఖాళీ స్థలం దాటితే గోడౌన్, అందులో స్టాక్ రాసుకోడానికి ఇంకో కంప్యూటర్. అంతే. ఏ ఊళ్లో చూసినా ఇలాంటి కొట్లు నాలుగుంటాయి.

"నెట్ పోతే ఏముంది, చేత్తో బిల్లు రాసుకుంటారు" అనుకుంటారేమో. ఎరువుల కొట్టులో అది కుదరదు. సబ్సిడీ యూరియా బస్తా బయటికి వెళ్లాలంటే రైతు ఆధార్ కొట్టి, వేలిముద్ర పెట్టించి, ఆ అమ్మకం ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అమ్మకం లెక్క ఎక్కాకే కంపెనీకి సబ్సిడీ వస్తుంది. 2016లో ఈ పద్ధతిని కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు మన కృష్ణా జిల్లా కూడా అందులో ఉంది. 2018 మార్చికల్లా దేశమంతా వచ్చేసింది. అంటే నెట్ లేకపోతే గోడౌన్ నిండా యూరియా ఉన్నా బస్తా కదలదు. పైగా జూలైలో కాలవలకి నీళ్లొదిలి నాట్లు పడుతున్నాయంటే, ఏడాది వ్యాపారంలో సగం ఆ రెండు నెలల్లోనే.

సరిగ్గా ఆ జూలైలో, ఒక మంగళవారం పొద్దున 9 గంటలకి మొత్తం ఆగిపోయింది. సగం కాదు, మొత్తం. నేను పది గంటలకి విజయవాడలో బస్సెక్కా. వెళ్లేసరికి మెట్ల మీద, వేపచెట్టు కింద ముప్పై మంది దాకా రైతులు. కొందరి చేతుల్లో పాస్‌బుక్కులు. ఒకాయన "మూడెకరాల్లో నాట్లేసి కూర్చున్నా, ఇంకో కొట్టుకి పోనా, ఉండనా, అదన్నా చెప్పండి" అంటున్నాడు. బాబాయ్ నెట్ వాళ్లతో ఫోన్లో అరుస్తున్నాడు. అవతలి మనిషి ఓపిగ్గా ఒకటే మాట చెబుతున్నాడు: "సార్, మా వైపు నుంచి సిగ్నల్ బాగానే ఉంది."

తర్వాత తేలింది, ఆయన చెప్పింది నిజమే.

కౌంటర్ కింద ఏముంది

టార్చ్ వేసుకుని కౌంటర్ కిందికి దూరా. నెట్ కంపెనీ పెట్టిన ఫైబర్ డబ్బా ఒక మేకుకి వేలాడుతోంది. దాని కింద ఎనిమిది పోర్టుల స్విచ్ ఒకటి, అయిదు పోర్టుల స్విచ్ ఇంకొకటి, ఎప్పుడో తీసేసిన ఫోన్ లైన్ కాలం నాటి పాత మోడెమ్ ఒకటి. దాని కనెక్షన్ పోయి ఏళ్లయింది, కరెంటు మాత్రం ఇంకా తాగుతోంది. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్స్. ఒకేలా ఉండే ఆరు నల్ల అడాప్టర్లు. ఇంక వైర్లు అంటారా, వాన వెలిశాక బయటపడ్డ ఎర్రల్లా పెనవేసుకుపోయి ఉన్నాయి. వాటి మధ్యలో పురికొస ముక్కలు, ఒక చీపురుపుల్ల, రెండు పేలాలు, ఎలక పెంటికలు.

ఆ గందరగోళంలో ఒక్కటి మాత్రం వెంటనే కళ్లకి కనిపించింది. స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తాళంలో, పిచ్చెక్కినట్టు టపటపా కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఒక్కో లైటు దాని పని ప్రకారం ఒక్కో రకంగా మెరుస్తుంది. అన్నీ కలిసి ఒకే వేగంతో మెరుస్తున్నాయంటే తొంభై శాతం అది లూప్. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఎప్పుడో ఒకప్పుడు మీ పరువు కాపాడుతుంది.

లూప్ అంటే, ఒకే కేబుల్ రెండు చివర్లూ అదే స్విచ్‌లో ఉండటం. నెట్‌వర్క్‌లో ప్రతి పరికరం అప్పుడప్పుడూ "ప్రింటర్ ఎవరు? రౌటర్ ఎక్కడ?" అని అందరికీ వినపడేలా ఒక కేక వేస్తుంది. స్విచ్ ఆ కేకని అన్ని పోర్టులకీ పంపుతుంది. లూప్ ఉంటే అది ఒక చివర బయటికెళ్లి ఇంకో చివర లోపలికొస్తుంది. స్విచ్ దాన్ని కొత్త కేక అనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. ఈ స్థాయిలో ప్యాకెట్‌కి ఆయుష్షు లెక్క ఉండదు కాబట్టి అది చావదు, పెరుగుతూనే ఉంటుంది. కొన్ని సెకన్లలో అసలు పనికి దారే ఉండదు. దీన్ని తప్పించే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లోనే రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీర్ కనిపెట్టారు. పెద్ద ఆఫీసుల్లో వాడే మేనేజ్డ్ స్విచ్‌లన్నిట్లోనూ అది ఉంటుంది. మనం కొనే వెయ్యి రూపాయల స్విచ్‌లో సాధారణంగా ఉండదు.

కేబుళ్లు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టా. నాలుగోది, ఒక ఎర్ర వైరు, పీకగానే లైట్లన్నీ ఒక్కసారిగా శాంతించాయి. రెండు నిమిషాల్లో కౌంటర్ పైనుంచి గుమాస్తా గారి గొంతు: "వచ్చిందండీ!"

"ఎవడ్రా ఇది పెట్టింది?" అన్నాడు బాబాయ్.

కొట్లో ఊడ్చి, బస్తాలు మోసే కుర్రాడు ముందుకొచ్చాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. "నేనేనండి. పొద్దున ఊడుస్తుంటే వైరు ఊడిపోయి కింద వేలాడుతోంది. మొన్న నెట్ రావట్లేదన్నారు కదా, ఇందువల్లేనేమోనని పక్కన ఖాళీ కంతలో పెట్టానండి" అన్నాడు. బాబాయ్ మొహం ఎర్రబడింది. రేపట్నించీ రానక్కర్లేదనే మాట ఆయన నోటి చివరిదాకా వచ్చింది. నాలుగు గంటలు షాపు ఆగింది మరి.

అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. ఆ వైరు అక్కడ వేలాడటానికి కారణం నేను పంపిన కొత్త రౌటర్. దాన్ని బిగించినప్పుడు ఆ వైరు ఒక చివర తీసి అలా వదిలేశారు. రెండో చివర ఎక్కడుందో ఆ కుర్రాడికే కాదు, అది బిగించిన ఎలక్ట్రీషియన్‌కి, బాబాయ్‌కి, నాకు, ఎవరికీ తెలీదు. ఊడిపోయిన వైరు కనిపిస్తే పెట్టడం బుద్ధున్నవాడు చేసే పనే. బాబాయ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, ముందు రైతుల్ని పంపించండి" అన్నాడు.

సగానికే ఎందుకొచ్చింది

మధ్యాహ్నం రద్దీ తగ్గాక మొదటి సమస్య పట్టుకున్నా. కొత్త రౌటర్‌ని పాత ఫైబర్ డబ్బాకి ల్యాన్ పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకి కలిపారు. ఫైబర్ డబ్బా కూడా ఒక రౌటరే. అంటే షాపులో ఇప్పుడు ఐపీ అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరు. ఏ కంప్యూటర్ ఆన్ చేసినా ముందు ఎవరు పలికితే వాళ్ల దగ్గర అడ్రస్ తీసుకుంటుంది. పాత డబ్బా ఇస్తే 192.168.1 తో మొదలయ్యే అడ్రస్, నెట్ వస్తుంది. కొత్త రౌటర్ ఇస్తే 192.168.0 తో మొదలయ్యేది, నెట్ రాదు, ఎందుకంటే ఆ రౌటర్‌కే బయటికి దారి లేదు. అందుకే రోజుకో కంప్యూటర్ పనిచేసేది. నిన్న పోయింది ఇవాళ వచ్చేది, ఇవాళ ఉన్నది రేపు పోయేది. జనం దాన్ని "నెట్ స్లో" అంటారు.

మందు చిన్నదే. కొత్త రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టా. ఇక అది అడ్రస్‌లు పంచదు, వైఫై మాత్రమే ఇస్తుంది. 9,000 రూపాయలు పూర్తిగా గంగలో కలవలేదని మనసు కాస్త కుదుటపడింది.

అయితే అసలు సమస్య, జూన్‌లో బాబాయ్ ఫోన్ చేసింది, ఇంకా అలాగే ఉంది. అది వైర్లలో ఉంది.

మొదటి ఆదివారం: కొనడానికి ముందు గీయడం

నేను వెంటనే షాపింగ్ లిస్టు రాయబోయా. గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లం కదా. ఈసారి ఆపుకున్నా. కుర్రాడు, నేను కలిసి ఒక పాత క్యాలెండర్ వెనక షాపు బొమ్మ గీశాం. ఒక మాస్కింగ్ టేప్ రోల్, ఒక మార్కర్, 400 రూపాయల కేబుల్ టెస్టర్. నేను ఈ చివర టెస్టర్ పెడితే వాడు అవతల "వచ్చింది", "రాలేదు" అని కేకేస్తాడు. మూడు గంటలు పట్టింది. మొత్తం పదకొండు వైర్లు. వాటిలో నాలుగు ఎక్కడికీ వెళ్లట్లేదు! ఎప్పుడో కంప్యూటర్ స్థలం మార్చినప్పుడు కోసేసి వదిలేసినవి.

మిగతా ఏడింట్లో ఒక విచిత్రం బయటపడింది. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతున్నాయి, అంటే వైరు బాగున్నట్టే. కానీ గోడౌన్ కంప్యూటర్‌లో ఫైళ్లు నత్తనడక నడుస్తున్నాయి. ప్లగ్ విప్పి చూస్తే, వేసినాయన రంగు పక్కన రంగు పెట్టుకుంటూ పోయాడు: నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు చివర్లా ఒకేలా ఉంది కాబట్టి టెస్టర్ పాస్ చేసింది. కానీ ఈథర్‌నెట్‌కి మూడో పిన్ను, ఆరో పిన్ను ఒకే జత అవ్వాలి. కేబుల్‌లో ఒక్కో జత మెలితిప్పి ఉండేది అందుకే. వెళ్లే సిగ్నల్, దానికి విరుద్ధమైన సిగ్నల్ ఒకే మెలికలో నడిస్తే బయటి గోల రెండిటి మీదా సమానంగా పడి కొట్టుకుపోతుంది. రెండు వేరే జతల్లో పోతే ఆ రక్షణ ఉండదు. చిన్న వైరులో ఎలాగో నెట్టుకొస్తుంది, పొడుగు పెరిగేకొద్దీ తప్పులు పెరుగుతాయి. చవక టెస్టర్ ఈ జబ్బుని పట్టుకోలేదు. కళ్లతో చూడాల్సిందే. సరైన వరస, టీ568బీ అంటారు: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. నీలం జత ఆకుపచ్చ జత మధ్యలో దూరడమే ఇందులో కిటుకు.

ఇంకో సంగతి. పెరట్లో కెమెరా పగలంతా పనిచేసి రాత్రి మాత్రమే ఆగిపోయేది. దొంగ ఎవరో తీసేస్తున్నాడని బాబాయ్ అనుమానం! బ్లేడుతో కేబుల్ తీగ గీకితే లోపల వెండి రంగు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. బజార్లో దీన్ని సీసీఏ అంటారు. చవగ్గా దొరుకుతుంది, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. అల్యూమినియంకి రాగి కంటే నిరోధం ఎక్కువ. ఈ కెమెరాలకి కరెంటు కూడా అదే కేబుల్లో వెళ్తుంది, దాన్నే పీవోఈ అంటారు. చీకటి పడగానే కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతుంది, పొడుగు సీసీఏ వైర్లో వోల్టేజ్ పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. దొంగ వైర్లోనే ఉన్నాడు.

ఎక్కడ పెట్టాలి?

అన్నిటికంటే ఎక్కువ వాదన ఇక్కడే జరిగింది. "గోడౌన్లో బోలెడు చోటుంది, ఆ మూలన పెట్టెయ్" అన్నాడు బాబాయ్. నేను ససేమిరా అన్నా. ఎరువుల ధూళి గాల్లో తేమ పీల్చుకుంటుంది, మన డెల్టాలో తేమకి కరువా? ఆ తడి లవణం లోహాన్ని తినేస్తుంది. గోడౌన్ కంప్యూటర్ వెనక ప్లగ్ తీసి చూపిస్తే పిన్నుల మీద పచ్చటి తుప్పు. బాబాయ్ ఇంకేం మాట్లాడలేదు. కౌంటర్ కింద కూడా వద్దు, అక్కడ కాళ్లు, చీపురు, తడిగుడ్డ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పటి నుంచీ ఏ వస్తువైనా నేల మీద పెట్టాలంటే మా వాళ్లందరికీ భయమే.

చివరికి వెనక గదిలో, నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తులో, గోడకి ఒక 6యూ ర్యాక్ బిగించాం. 'యూ' అంటే ర్యాక్ కొలత, ఒక యూ 44.45 మిల్లీమీటర్లు. పైన 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్, దాని కింద వైర్లు సర్దే పట్టీ, దాని కింద 16 పోర్టుల పీవోఈ స్విచ్, మిగిలిన చోట రెండు అరలేసి ఫైబర్ డబ్బా, ఎన్‌వీఆర్. సరిగ్గా సరిపోయింది. సరిగ్గా సరిపోవడమే తప్పు, మళ్లీ చేస్తే 9యూ తీసుకుంటా. తేడా వెయ్యి పైచిలుకే.

ప్యాచ్ ప్యానెల్ ఎందుకు, నేరుగా స్విచ్‌లోకే గుచ్చొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. గోడలోంచి వచ్చే కేబుల్ లోపల గట్టి తీగ ఉంటుంది, పదేపదే వంచితే విరుగుతుంది. దాన్ని ప్యానెల్ వెనక ఒకసారి బిగించేస్తే ఇక జన్మలో కదపక్కర్లేదు. రోజూ చెయ్యి తగిలేది ముందుండే పొట్టి ప్యాచ్ కార్డ్‌కే. అది చెడితే 80 రూపాయలు, గోడలో వైరు చెడితే గోడ.

కొత్త రౌటర్‌ని మాత్రం ర్యాక్‌లో పెట్టలేదు. ఇనప డబ్బాలో వైఫై పెడితే కుండలో దీపం పెట్టినట్టే. అది షాపు మధ్యలో, పైకప్పు కింద ఉంది. ర్యాక్ అద్దం తలుపుని కూడా తీసి అటక మీద పెట్టేశాం. రోహిణి కార్తెలో ఆ గది ఎలా ఉంటుందో నాకు తెలుసు, మూసిన డబ్బాలో స్విచ్ ఉడికిపోతుంది. తలుపు తీస్తే బల్లులు వస్తాయి, అది ఇంకో తంటా. వెచ్చదనం కోసం స్విచ్ లోపలికే దూరతాయి. పక్కల కంతలకి సన్న దోమతెర ముక్కలు అంటించాం. ఏ రివ్యూలోనూ ఎవరూ చెప్పరు గానీ, మన దగ్గర నెట్‌వర్క్ పరికరాల శత్రువుల్లో బల్లిది పెద్ద స్థానమే.

రెండో ఆదివారం: లాగడం, బిగించడం, పేర్లు పెట్టడం

కేబుల్ కోసం గవర్నర్‌పేట వెళ్లి స్వచ్ఛమైన రాగి క్యాట్ 6 డబ్బా, 305 మీటర్లది, తెచ్చా. కొట్లోనే ఒక కొస గీకి చూశాకే డబ్బులిచ్చా. క్యాట్ 6ఏ ఎందుకు కాదంటే అవసరం లేదు. 1 జీబీపీఎస్‌కి క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల వరకూ చాలు. క్యాట్ 6 తీసుకున్నది ధర తేడా తక్కువని మాత్రమే.

పాత ఎలక్ట్రీషియన్ కరెంటు వైరు, నెట్ వైరు ఒకే కేసింగ్ పట్టీలో వేసేశాడు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ ఒక ఎలక రెండిటినీ కలిపి కొరికిందంటే 230 వోల్టులు కంప్యూటర్‌లోకే. వేరే పట్టీ వేశాం, జానెడు ఎడంగా. దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం, పక్కపక్కన నడిపించలేదు.

గోడౌన్‌ది వేరే కథ. పోయిన వేసవి వానల్లో పిడుగు పడి స్విచ్‌లో రెండు పోర్టులు, గోడౌన్ కంప్యూటర్ ల్యాన్ కార్డ్ పోయాయి. రెండు కట్టడాల మధ్య గాల్లో రాగి తీగ కడితే అది పిడుగుకి వేసిన పందిరి. ఈసారి ఫైబర్ వేశాం. గాజుకి కరెంటు పాకదు. ఊళ్లో కేబుల్ పనిచేసే అబ్బాయి రెండు చివర్లా జాయింట్ వేసిచ్చాడు. ఆ కేబుల్లో బలం కోసం ఉండే ఉక్కు తీగని పరికరాల దాకా రానీయకుండా బయటే కోయించాం, లేకపోతే పిడుగుకి మళ్లీ దారి ఇచ్చినట్టే. రెండు వైపులా రెండు మీడియా కన్వర్టర్లు. ఇవి ఏ, బీ అని జంటగా పనిచేస్తాయి: ఒకటి పంపే రంగు కాంతిని రెండోది అందుకోవాలి. నేను చూసుకోకుండా రెండూ 'ఏ' తెచ్చా. మళ్లీ గవర్నర్‌పేట. బస్సులో రెండు గంటలు నన్ను నేను తిట్టుకుంటూ.

ఇక కరెంటు. కోత పడితే ఫోన్లలో నెట్ వచ్చేది, బిల్లింగ్‌కి రాదు. ఈ చిక్కు కూడా మీలో చాలామంది చూసే ఉంటారు. ఫైబర్ డబ్బా ఇన్వర్టర్ మీద ఉంది, స్విచ్ మామూలు ప్లగ్ మీద ఉంది. దారిలో ఒక్కటి ఆరినా దారి లేనట్టే. ఇప్పుడు ర్యాక్ మొత్తానికి ఒకటే యూపీఎస్. అడాప్టర్లన్నిటి మీదా అది ఏ పరికరానిదో, ఎన్ని వోల్టులో రాశాం. పిన్ను ఒకేలా ఉంటుంది గానీ ఒకటి 5, ఒకటి 9, ఒకటి 12 వోల్టులు. 12ది తీసి 5 దానికి గుచ్చితే పొగ కూడా రాదు, నిశ్శబ్దంగా చచ్చిపోతుంది.

చివర్లో లేబుళ్లు. నేను స్టైల్‌గా ఇంగ్లిష్‌లో కౌంటర్, గోడౌన్, కెమెరా అని ప్రింట్ తీసి అంటించేశా. కుర్రాడు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదవడం చూసి, అన్నీ పీకేసి తెలుగులో రాశా: కౌ-1, కౌ-2, కె-1 నుంచి కె-6, ప్రిం, గో-1. ప్రతి వైరుకీ రెండు చివర్లా అదే పేరు, ప్యానెల్ మీదా అదే. రాత వాడిదే, నాకంటే గుండ్రంగా రాస్తాడు. పైన పారదర్శక టేపు చుట్టాం, తేమకి ఊడకుండా. క్యాలెండర్ వెనక గీసిన బొమ్మని శుభ్రంగా మళ్లీ గీసి, లామినేషన్ చేయించి ర్యాక్ పక్కన మేకుకి తగిలించాం. చచ్చిన నాలుగు వైర్లు, ఆ పాత మోడెమ్ పాత సామాన్ల బండికి వెళ్లిపోయాయి.

ఖర్చు అడుగుతారు కాబట్టి: ర్యాక్, ప్యానెల్, స్విచ్, కేబుల్, కన్వర్టర్లు, యూపీఎస్, పట్టీలు, ప్లగ్గులు అన్నీ కలిపి 36,000 దాటింది. అందులో ఎక్కువ భాగం పీవోఈ స్విచ్, కేబుల్, యూపీఎస్‌లకే. కెమెరాలు లేని షాపుకైతే మామూలు స్విచ్ సరిపోతుంది, బిల్లు చాలా తగ్గుతుంది. డబ్బు అసలే లేదంటే మాస్కింగ్ టేపు, మార్కర్, క్యాలెండర్ వెనక బొమ్మ. ఆ జూలై మంగళవారాన్ని ఆపడానికి ఆ మూడూ చాలు.

ఆగస్టు చివర్లో ఒక రోజు పొద్దున ఏడింటికి ఫోన్. కొత్త నంబరు. "అన్నా, నేను. గో-1 లైటు రావట్లేదు. మిగతావన్నీ వెలుగుతున్నాయి." గోడౌన్‌లో కన్వర్టర్ లైటు ఉందేమో చూడమన్నా. "చూశానన్నా, అదీ లేదు. అడాప్టర్ వైరు ఎలక కొరికేసింది. ర్యాక్‌లో మనం పెట్టిన స్పేర్ మీద 5 అని రాసుంది, దీని మీదా 5 అనే ఉంది. పెట్టెయ్యనా?"

పెట్టమన్నా. ఎనిమిదింటికి బాబాయ్ షాపు తలుపు తీసేసరికి అంతా మామూలే. విషయం తెలిసి నాకు ఫోన్ చేశాడు. "నిన్ను కూడా అడక్కుండానే సగం వాడే చేసేశాడటరా" అన్నాడు. ఎలక మాత్రం ఇంకా దొరకలేదు.